వెనక్కి నడిచిన కెమెరా

పెనాయా కెమెరాను కంటికి ఆనించుకుని వెనక్కి నడుస్తున్నాడు. నాలుగంగలు వేస్తాడు, ఆగుతాడు, చర్చివైపు గురిచూస్తాడు, పెదవి విరుస్తాడు, మళ్ళీ నాలుగంగలు వెనక్కి. అతనితోపాటు ఊళ్ళో సగం మంది వెనక్కి నడుస్తున్నారు. చర్చి పక్కనున్న మట్టి దిబ్బ ఎక్కి దిగి, కొబ్బరిచెట్ల వరస దాటి, వంటపాకలు దాటి, వాగు మీద వేసిన దుంగ దగ్గరికి వచ్చేసరికి ఎవరో అతని నడుం పట్టుకుని ఆపాల్సివచ్చింది.

"చూసుకోవయ్యా తౌవూ! ఇంకో నాలుగంగలు వేస్తే మీ దీవికే చేరిపోతావు."

"మంచిదేగా. మా దీవిలో దుంగలు ఇలా కుళ్ళిపోయి ఉండవు" అన్నాడు పెనాయా, కెమెరాలోంచి కన్ను తియ్యకుండానే.

అందరూ గొల్లుమన్నారు. పెనాయా పుట్టిన దీవికీ ఈ దీవికీ మూలదేవుడు ఒకడే. అలాంటి రెండు చోట్ల వాళ్ళు ఒకరికొకరు తౌవూలు. ఎదురుపడితే ఎంతటి మాటైనా అనుకోవచ్చు, చేతిలో ఉన్నది లాక్కోవచ్చు. కోపం తెచ్చుకున్నవాడే ఓడినట్టు. పొద్దున పడవ దిగినప్పటినుంచీ పెనాయా టోపీ నాలుగు తలలు మారింది, ఇప్పుడెక్కడుందో అతనికే తెలియదు.

ఉలమిలా మాత్రం నవ్వలేదు. ఎనిమిది నెలల పిల్లను చంకనేసుకుని అత్త కెలెరా పక్కన నడుస్తోంది. అతని కాలు వెనక్కి పడ్డప్పుడల్లా ఆమె చర్చి పక్కనున్న మట్టి దిబ్బవైపు తిరిగి చూస్తోంది.

తుఫాను ఊరిని ఊడ్చేశాక ఎవరి పాత ఇంటి దిబ్బ మీద వాళ్ళకి ప్రభుత్వం కొత్త ఇల్లు కట్టిస్తోంది. ఏ దిబ్బ ఎవరిదో తేలాలి, అంతే. తేలనిదాని మీద ఊరు అతిథిగృహం వేసుకుంటుంది. ఇక్కడ ప్రతి దిబ్బకీ ఒక పేరుంటుంది, పుట్టిన పిల్లకి ఆ పేరు చెప్పే లోకంలో చోటు చూపిస్తారు. ఉలమిలా మొగుడు ఎరోని వాళ్ళ దిబ్బ పేరు నైవీ. అది ఎక్కడుండేదో చూసినవాళ్ళెవరూ మిగల్లేదు. కెలెరా కాపురానికి వచ్చేనాటికే ఆ ఇల్లు లేదు. పేరు తేలని దిబ్బలు రెండున్నాయి. చర్చి పక్కన మెరకమీదది ఒకటి, వాగవతల పందుల దొడ్ల పక్కన చిత్తడిలోది ఒకటి. సాక్ష్యమంటూ ఉన్నదల్లా ఒక్క ఫొటో. తొంభయ్యేళ్ళ కిందట, చర్చి కట్టిన ఏడు ఎవరో ఫాదర్ తీసింది. ఊరిపెద్ద ఫిలిమోని ఇంట్లో గోడకి వేలాడుతుంది. దాని వెనక సిరాతో రాసి ఉంది: 'నైవీ ఇంటి గడప దగ్గర నిలబడి తీసినది. లెన్సు 210.'

ఆ గడప ఎక్కడో కనిపెట్టడానికే రాజధాని సువా నుంచి పెనాయాను పిలిపించారు. స్థలాలు కొలవడం అతని ఉద్యోగం. ఫొటో నకలు చేతిలో పట్టుకుని పొద్దున్నే అందరికీ విడమరిచి చెప్పాడు: "210 అని ఉంది. నా దగ్గర 200 దాకా వెళ్ళే లెన్సుంది. పది తేడా లెక్కలోకి రాదు. ఈ ఫొటోలో చర్చి ఎంత వెడల్పుందో నా తెర మీద కూడా అంత వచ్చేదాకా వెనక్కి వెళ్తాను. ఎక్కడ సరిపోతే అక్కడే గడప." ఎవరికీ అందులో తప్పు కనబడలేదు. ఉలమిలాకి కూడా కనబడలేదు.

పెనాయా వాగు దాటాడు. పందులు గుర్రుమంటూ దొడ్డి మూలకి సర్దుకున్నాయి. అతని బూట్లు చీలమండల దాకా దిగబడ్డాయి.

"సరిపోయింది! ఇదే నైవీ."

గులాబీ రంగు రిబ్బను కట్టిన కర్ర ఒకటి చిత్తడి దిబ్బలో దిగేశాడు. కర్ర దిగడానికి బలం కూడా అక్కర్లేకపోయింది.

కెలెరా వంగి గుప్పెడు గడ్డి పీకి పిండింది. వేళ్ళ సందుల్లోంచి నల్లటి నీళ్ళు కారాయి. చెయ్యి నడుముకి చుట్టుకున్న సులుకి తుడుచుకుని, కోడలి చంకలో పిల్ల దగ్గుతుంటే ఆ చేత్తోనే వీపు నిమిరింది. తుఫాను నాటినుంచీ వాళ్ళుంటున్నది బావగారి ఇంటి వెనక రేకుల వసారాలో. అక్కడి తేమకే పిల్లకి దగ్గు పట్టుకుంది. ఇక ఈ చిత్తడిలో ఇల్లంటే...

"తౌవూ, నీ తెర ఒకసారి చూపిస్తావా?" అంది ఉలమిలా.

చూపించాడు. చర్చి వెడల్పు నిజంగానే సరిపోయింది. కొండ మీద పొద్దుటినుంచీ మబ్బు దిగి ఉంది కాబట్టి చర్చి వెనకంతా తెల్లగా ఉంది. కానీ చర్చి ముందున్న రెండు రాతి స్తంభాలూ ఏదో తేడాగా కనబడ్డాయి. పాత ఫొటోలో చర్చి మొత్తం ఆ రెండు స్తంభాల మధ్యే ఒదిగి ఉంది, రెండు పక్కలా వేలెడు ఖాళీ కూడా ఉంది. ఈ తెరమీద స్తంభాలు చర్చి గోడ మీదికి ఎక్కేసి, చివరి కిటికీలకి అడ్డంగా నిలబడ్డాయి.

ఆమె మొగుడి చెవిలో చెప్పింది. ఎరోని ఊరిపెద్దతో చెప్పాడు, సగం మాటలు మింగేస్తూ.

"స్తంభాలా?" అన్నాడు ఫిలిమోని. "తుఫానుకి పడిపోతే నేనే కదరా నిలబెట్టించాను. ఆ గోలలో టేపు పట్టుకుని కొలిచామా ఏమన్నానా? అటూ ఇటూ అయ్యుంటాయి. గురువారం పొద్దున సభ. శుక్రవారం పడవలో కాగితం సువా వెళ్ళిపోతుంది."

అతను చెడ్డవాడేం కాదు. పని తెమలాలి అంతే.

మర్నాడు, మంగళవారం, ఉలమిలా లెవుకా పట్నం వెళ్ళింది. వారానికి మూడు రోజులు అక్కడ రామ్‌సముఝ్ ఫొటో దుకాణంలో ఆమెకి పని. పాస్‌పోర్టు ఫొటోలు తీయడం, పెళ్ళి ఫొటోలకి అట్టచట్రాలు కొయ్యడం. పిల్ల బల్లకింద చాప మీద పడుకుని ఉత్త రీలు డబ్బాను చప్పరిస్తూ ఉంటుంది.

ఆ పొద్దున ఆమె కోసిన మొదటి అట్ట వంకర పోయింది. రెండోదీ పోయింది.

"కత్తి తప్పా, చెయ్యి తప్పా?" అన్నాడు రామ్‌సముఝ్ కాకా, చిన్న ప్లేటులోంచి రొట్టె తుంచుకుంటూ. ఆయన వయసు డెబ్బై దాటింది. దుకాణం ఆయన తండ్రిది.

"తల తప్పు కాకా."

జరిగింది చెప్పింది. కాకా వింటూ రొట్టె నమిలాడు. గది మూలకేసి గడ్డం ఆడించాడు. అక్కడ మూడుకాళ్ళ మీద ఆయన తండ్రి నాటి చెక్క కెమెరా ఉంది. పిల్లలు పాస్‌పోర్టు ఫొటోకి ఏడిస్తే దాన్ని చూపించి ఊరుకోబెడతారు, ఇప్పుడు దానికున్న ఉద్యోగం అదొక్కటే. రోజూ దుమ్ము తుడిచే చేతికి దాని ఇత్తడి కట్టు మీద ఏం రాసి ఉందో తెలియకపోలేదు. అయినా వెళ్ళి వంగి చూసింది. 210.

దాన్ని వీధివైపు తిప్పి నల్లగుడ్డ కింద తల దూర్చింది. వెనక గరుకు అద్దం మీద వీధి తలకిందులుగా వచ్చింది. ఎదురుగా ఉన్న మూడు దుకాణాలూ, వాటి రేకుల కప్పులూ, సైకిలు తొక్కుకుంటూ పోతున్న మనిషీ, అన్నీ ఉన్నాయి. గుడ్డలోంచి బయటికొచ్చి దుకాణంలోని కొత్త కెమెరాకి పొడుగు లెన్సు పెట్టి 200 దగ్గర నిలిపి అదే చోటినుంచి చూసింది. బేకరీ బోర్డులో సగమే కనబడింది. దాని రంగు పెచ్చులూడింది కూడా కనబడింది.

"కాకా! అంకె ఒకటే. ఇందులో వీధంతా ఉంది, అందులో సగం బోర్డు."

"ఆఁ."

"ఆఁ ఏమిటి కాకా! చెప్పు."

"నేను చెప్తే నా మాటవుతుంది. స్కేలు తీసుకో. లెన్సు దగ్గర్నుంచి గరుకు అద్దం దాకా కొలిచి చూడు."

కొలిచింది. తోలుసంచీ మడతల పక్కన స్కేలు నిలబెట్టి రెండుసార్లు కొలిచింది. ఇరవయ్యొక్క సెంటీమీటర్లు. రెండువందల పది మిల్లీమీటర్లు.

"దూరాన ఉన్నది తేటగా పడాలంటే లెన్సు ఎంత ఎడంలో ఉండాలో ఆ కొలతే ఆ అంకె. నీ సువావాడి దాంట్లోనూ ఇంచుమించు అంతే ఎడం. మరి తేడా ఎక్కడొచ్చింది బేటీ?"

ఉలమిలా గరుకు అద్దం వైపు చూసింది. కొత్త కెమెరా నోట్లోకి చూసింది. లోపల మెరుస్తున్న పలక తపాలా బిళ్ళంత ఉంది.

"బొమ్మ పడే చోటు" అంది నెమ్మదిగా. "ఇక్కడ పలక చేతి వెడల్పు కంటే పెద్దది. అక్కడ బిళ్ళంత. లెన్సు రెండిటికీ అంతే లోకాన్ని తెచ్చిపోస్తోంది. బిళ్ళలో పట్టినంతే పడుతోంది."

"అంకె లెన్సుది. చూపు పలకది." కాకా చెయ్యి కడుక్కున్నాడు. "మా నాన్న దగ్గరికి వచ్చి 'మీ కెమెరా ఎంత' అని ఎవడైనా అడిగితే ముందు 'పలక ఎంత' అనేవాడు. పలక చెప్పకుండా లెన్సు చెప్పడమంటే ఊరు చెప్పకుండా వీధి చెప్పడం."

"ఫాదర్ పలక ఎంతో నాకెలా తెలుస్తుంది?"

"అప్పట్లో బొమ్మని పెద్దది చేసి అచ్చేసేవాళ్ళు కారు. పలక మీద కాగితం ఆనించి ఎండలో పెట్టేవాళ్ళు. ఫొటో ఎంతుంటే పలక అంత."

ఫిలిమోని ఇంట్లో ఆ ఫొటోకి తుఫాను తర్వాత కొత్త చట్రం కోసింది ఉలమిలానే. ఆ కొలత ఆమె వేళ్ళకి గుర్తుంది. పదహారున్నర సెంటీమీటర్లు, పన్నెండు. గోడమీద కొలతల పుస్తకం తీసి చూస్తే అంతే రాసి ఉంది. చెక్క కెమెరా గరుకు అద్దం కూడా అంతే.

వంకరపోయిన అట్ట వెనక్కి తిప్పి లెక్క వేసింది. నాలుగో ఫారంలో బడి మానేసినప్పటినుంచీ ఆమె భాగహారాలన్నీ అట్టముక్కల మీదే. కొత్త కెమెరా పలక వెడల్పు మూడు పాయింట్ ఆరు. పదహారున్నరలో అది నాలుగున్నర సార్ల పైచిలుకు. రెండువందల పదిని దాంతో భాగించింది. నలభై ఆరు వచ్చింది. మళ్ళీ వేసింది. మళ్ళీ నలభై ఆరే. మూడోసారి కాకా వేశాడు.

"పెట్టాల్సింది 200 కాదు. 46!" అంది ఉలమిలా. "అందుకే అంత వెనక్కి పోయాడు. పందుల దాకా పోయాడు!"

"వాడికి ఈ భాగహారం చూపిస్తే ఒప్పుకుంటాడా?"

"వాడు ఒప్పుకున్నా మా పెద్దాయన ఒప్పుకోడు. ఆయనకి అంకెలంటే తలనొప్పి."

కాకా అట్టల దొంతరలోంచి మంచి నల్లటి అట్ట ఒకటి తీసి బల్లమీద పెట్టాడు. "అయితే అంకెలు లేకుండా చూపించు. నీ చేతిలో ఉన్న పనే."

ఆమె ఒక్క క్షణం ఆ అట్టను చూస్తూ నిలబడిపోయింది. తర్వాత కత్తి తీసుకుంది. అంచులు ఏటవాలుగా పదహారున్నర పన్నెండు కిటికీ కోసింది. ఈసారి చెయ్యి వంకరపోలేదు. కిటికీ పక్కన చిల్లు పొడిచి దారం కట్టి, ఇరవయ్యొక్క సెంటీమీటర్ల దగ్గర ముడివేసింది. ముడిని కంటికింద ఎముకకి ఆనించి, దారం బిగుతుగా ఉండేలా అట్టను ముందుకి చాపి, ఒక కన్ను మూసి కిటికీలోంచి వీధిలోకి చూసింది. మూడు దుకాణాలు, రేకుల కప్పులు. గరుకు అద్దంలో ఎంత పడిందో అంత, ఒక్క పిసరు ఎక్కువా లేదు తక్కువా లేదు.

రెండో అట్టలో తపాలా బిళ్ళంత కన్నం కోసింది. దానికీ అంతే దారం.

బుధవారం పొద్దున బట్టలు ఉతికి ఆరేసి, చర్చి పక్కనున్న మెరక దిబ్బ ఎక్కింది. ఆ దిబ్బ మీద నిలబడాలంటే దొంగతనం చేస్తున్నట్టుగా ఉంది. అటూ ఇటూ చూసి, ముడి కంటికింద ఆనించుకుంది. చర్చి ఫొటోలో ఎంతుందో కిటికీలో అంతే ఉంది. రెండు స్తంభాలూ పక్కకి జరిగి చర్చికి దారిచ్చాయి, పక్కన వేలెడు ఖాళీ. కొండ మీద మాత్రం ఇంకా మబ్బే.

"ఏమే, ఎవరికి కన్ను గీటుతున్నావు?"

కెలెరా దిబ్బకింద నిలబడి ఉంది, నడుం మీద చెయ్యి వేసుకుని. ఉలమిలా సిగ్గుపడుతూనే అంతా చెప్పి అట్ట అందించింది. అత్త చాలాసేపు చూసింది. పక్కకి జరిగి చూసింది, ఒక అంగ ముందుకి వేసి చూసింది, మళ్ళీ వెనక్కి వచ్చింది. అట్ట దించాక ఆమె కళ్ళు తడిగా ఉన్నాయి, ఏడుపువల్లనో, ఒక కన్ను అంతసేపు మూసుకోవడంవల్లనో తెలియలేదు.

"రేపు ఎరోని చేత చెప్పిస్తానత్తా" అంది ఉలమిలా.

"వాడా? వాడు సభలో నోరు తెరిచేలోగా కాగితం సువా చేరి తిరిగొస్తుంది."

"నేను చెప్పకూడదుగా. ఈ ఊరి కోడల్ని. పైగా..."

"పైగా ఏముంది? ఊరిపెద్దతో నువ్వు మాట్లాడకూడదు, ఒప్పుకుంటాను. మగవాళ్ళు కూర్చున్న సభలో ఎదురు చెప్పకూడదు, అదీ ఒప్పుకుంటాను." కెలెరా అట్టను కోడలి చేతిలో పెట్టింది. "కానీ ఆ సువావాడు మనకి తౌవూ కదే మొద్దూ! తౌవూని ఆటపట్టించడానికి ఎవరి సెలవు కావాలి? పోప్ వచ్చి కూర్చున్నా ఆపలేడు."

గురువారం కొండ తేటగా ఉంది. రెండు శిఖరాలూ, వాటి మధ్య గాడీ, కడిగి ఆరబెట్టినట్టు ఉన్నాయి. సభ జరిగే రేకుల షెడ్డులో దాన్నెవరూ పట్టించుకోలేదు. పై వరసలో ఫిలిమోని, పెద్దలు, మధ్యలో యాంగోనా వేరు రసం ఉన్న గిన్నె, కింద వరసలో ఆడవాళ్ళు. పెనాయా తను తీసిన ఫొటో అచ్చువేసి తెచ్చి చాపమీద పరిచాడు. చుట్టూ తలలు వంగాయి.

"అయితే నైవీ వాగవతలే" అన్నాడు ఫిలిమోని. "మెరక దిబ్బ అతిథిగృహానికి. ఎవరికైనా ఏమైనా ఉందా?"

ఎరోని గొంతు సవరించుకున్నాడు. ఇంకోసారి సవరించుకున్నాడు. ఫిలిమోని చప్పట్లు కొట్టి ముగించడానికి చేతులు గిన్నెలా మడిచాడు.

"తౌవూ!" అంది ఉలమిలా. ఆమె గొంతు తనకే కొత్తగా వినబడింది. చంకలో పిల్ల కూడా తలెత్తి చూసింది. "నిన్నొక మాట అడగనా?"

పెనాయా మొహం వెలిగింది. సభలంటే అతనికీ నిద్రే. "అడుగు. నా టోపీ ఇమ్మంటే మాత్రం నా దగ్గర లేదు."

"మీ దీవిలో ఇంటి గడపలు పందుల దొడ్లోనే పెట్టుకుంటారా? లేక మా ఊరొచ్చాకే ఆ ముచ్చట పుట్టిందా?"

ఆడవాళ్ళ వరసలో నవ్వు మొదలైంది. ఫిలిమోని చేతులు మడిచినవి మడిచినట్టే ఉండిపోయాయి.

"మా దీవిలో పందులు చదువుకున్నవి" అన్నాడు పెనాయా. "దర్జాగా ఇళ్ళల్లోనే ఉంటాయి."

"మరి కొలతలకి వాటినే పంపించకపోయారా?"

షెడ్డు రేకులు అదిరాయి. ఒక ముసలాయన యాంగోనా మింగబోతూ పొలమారాడు. పెనాయా ఛాతీమీద బాణం దిగినట్టు చెయ్యి వేసుకుని వెనక్కి వాలాడు.

"మోచేతి పొడుగు లెన్సు నీది. నాదొక అట్టముక్క" అంది ఉలమిలా. నల్ల అట్టను చాపమీద పెట్టింది. "ఫాదర్ నిలబడిన చోటు దేనికి తెలుసో పందెం వేస్తావా?"

"వేస్తాను. ఓడితే?"

"నువ్వు పాతిన కర్ర నువ్వే భుజాన మోసుకుని ఊరంతా తిరగాలి."

"మరి నువ్వు ఓడితే?"

"నేను ఓడితే చిత్తడిలో కాపురం చేస్తాను తౌవూ. అదెలాగూ రాసేశారుగా."

ఈసారి ఎవరూ నవ్వలేదు. పెనాయా లేచి నిలబడ్డాడు. తౌవూ విసిరిన పందాన్ని కాదన్నవాడు మళ్ళీ ఈ రేవులో దిగలేడు. ఫిలిమోని ఒక్క నిట్టూర్పు విడిచి తనూ లేచాడు.

"పెద్దాయనా" అంది ఉలమిలా తల వంచి. "గోడమీది ఫొటోని చట్రంలోంచి ఒకసారి తీయిస్తారా?"

ఆయన ఇంకెవరినీ పంపలేదు. తనే వెళ్ళి తెచ్చాడు.

పందుల దొడ్ల దగ్గర ఊరంతా మూగింది. ఉలమిలా ముందు ఆ పాత ఫొటోని తన నల్ల అట్ట కిటికీలో పెట్టింది. అంచుకి అంచు తాకి నిలిచింది. "ఫాదర్ కెమెరా పలక ఇంత. దానికీ లెన్సుకీ మధ్య ఎడం ఈ దారమంత. తౌవూ, ముడి కంటికింద పెట్టుకుని చూడు. ఫాదర్ ఇక్కడ నిలబడి ఉంటే ఏం కనబడేదో చెప్పు."

పెనాయా చూశాడు. "చర్చి... చిటికెనవేలి గోరంత ఉంది."

"ఫొటోలో?"

"అరచేతిలో సగం."

"ఇప్పుడు ఈ రెండోది. నీ కెమెరా పలకంత కన్నం. దారం అంతే."

చూశాడు. చిన్న కన్నంలో చర్చి నిండుగా, తను చాపమీద పరిచిన ఫొటోలో ఉన్నట్టే ఉంది. అట్ట దించి భుజాన ఉన్న కెమెరా తీసి, 200 దగ్గర పెట్టి, సోమవారం తీసిన చోటే మళ్ళీ గురిచూశాడు. ఈసారి చాలాసేపు కన్ను తియ్యలేదు.

"ఏం కనబడుతోంది తౌవూ?"

"చర్చి వెనక కొండ మీది చెట్లు."

"వాటిపైన?"

"చెట్లే."

"ఆకాశం?"

"లేదు" అన్నాడు పెనాయా. "సోమవారం మబ్బుని చూసి ఆకాశం అనుకున్నాను."

ఫొటో ఒక చేతినుంచి ఇంకో చేతికి మారింది. చర్చి కప్పు పైన రెండు శిఖరాలు, మధ్య గాడి, వాటిపైన బోలెడంత ఆకాశం. స్తంభాల్ని తుఫాను పడేసిందేమో, మనుషులు వంకరగా పాతారేమో. ఆ కొండనెవరూ పాతలేదు.

"పద" అన్నాడు పెనాయా. ఎవరూ నడుం పట్టుకోనక్కర్లేకుండా ఇప్పుడతను ముందుకి నడిచాడు. కెమెరాకి పొట్టి లెన్సు తగిలించుకుంటూ, దుంగ మీదుగా, వంటపాకల మధ్యనుంచి, కొబ్బరిచెట్ల వరసలోంచి. రెండు వందల ఇరవై అంగల దూరంలో ఉన్న చర్చి నూరంగలకి వచ్చింది, డెబ్బైకి వచ్చింది. మెరక దిబ్బ ఎక్కి చర్చివైపు అంచున నిలబడేసరికి యాభై అంగలు. లెన్సు తిప్పుతూ ఆగాడు. క్లిక్కుమంది.

తెరమీద చర్చి ఉంది. స్తంభాలు రెండు పక్కలకీ జరిగి ఉన్నాయి. పైన రెండు శిఖరాలూ ఉన్నాయి.

"ఎంత దగ్గర నిలిచిందో చదువు" అంది ఉలమిలా.

"నలభై ఏడు."

"నాకు నలభై ఆరు వచ్చింది."

"ఒకటి తేడా వచ్చిందిగా!" అన్నాడు పెనాయా, మునిగేవాడు గడ్డిపోచ పట్టుకున్నట్టు.

"సోమవారం పది తేడా లెక్కలోకి రాదన్నావు తౌవూ."

అతను నవ్వాడు. ఓడిపోయినవాడి నవ్వు కాదు, అందమైన దెబ్బ తిన్నవాడి నవ్వు. కెమెరా తీసి ఆమె మెడలో వేసి, ఒక్కడే వాగవతలికి వెళ్ళి, బురద కారుతున్న కర్రని భుజాన వేసుకుని వచ్చాడు. ఆడవాళ్ళు బిస్కెట్ డబ్బాలు వాయిస్తూ వెంటపడ్డారు. ఎవరో పందిలా గుర్రుమంటే అతనూ అంతకన్నా గట్టిగా గుర్రుమన్నాడు. ఊరు రెండుసార్లు చుట్టి వచ్చి కర్రని మెరక దిబ్బలో పాతబోయాడు. నేల గట్టిది, దిగలేదు. రాయి తీసుకుని కొట్టాల్సివచ్చింది.

ఫిలిమోని స్తంభాల మధ్య నిలబడి ఒకదాన్నీ ఇంకోదాన్నీ అరచేత్తో తట్టి చూస్తున్నాడు.

"అంటే ఇవి నేను సరిగ్గానే పాతించానన్నమాట" అన్నాడు అందరికీ వినబడేలా. "టేపు కూడా లేకుండా!"

తర్వాత దిబ్బ దగ్గరికి వచ్చి, ఎరోనితో కాదు, ఉలమిలాతోనే అన్నాడు. "కాగితంలో నైవీ అని ఇక్కడే రాస్తాను. ఆ అట్ట కూడా దానితో పంపాలి. కానీ అది చూడటమెలాగో సువాలో వాళ్ళకి రాసిపెట్టాలి. నువ్వే రాయి. నేను సంతకం పెడతాను."

"నాకు అంత చదువు లేదు పెద్దాయనా."

"నాకూ లేదు. అందుకే నువ్వు రాయమంటున్నాను."

జనం చెదిరాక మధ్యాహ్నం ఉలమిలా పిల్లకి పాలిచ్చి, అత్త కనబడకపోతే వెతుక్కుంటూ వచ్చింది. కెలెరా మెరక దిబ్బ మీద ఉంది. వసారాలోంచి చాప తెచ్చి, ఎక్కడ పరవాలో చాలాసేపు ఆలోచించినట్టు అటొకసారి ఇటొకసారి ఈడ్చిన గుర్తులున్నాయి దుమ్ములో. చివరికి వాగువైపు మూలన పరిచి, మోచెయ్యి తలకింద పెట్టుకుని పడుకుంది. చుట్టూ ఒక గుంజ లేదు, రేకు లేదు. గాలి ఆమె సులు కొసల్ని ఎగరేస్తోంది.

ఉలమిలా పిల్లతో దిబ్బ ఎక్కి, చాప పక్కకి వచ్చి నిలబడింది.

"ఏమే" అంది కెలెరా కళ్ళు తెరవకుండానే. "లోపలికొచ్చి తలుపు వెయ్యవేం? పిల్లకి గాలి కొట్టడం లేదూ?"

ఉలమిలా నాలుగంగలు వెనక్కి వెళ్ళింది. చర్చివైపు దిబ్బ అంచున నిలబడి, పిల్లను రెండో చంకకి మార్చుకుని, చెయ్యి చాపి, లేని తలుపుని మెల్లగా దగ్గరికి లాగి, చప్పుడు కాకుండా వేసింది.